వేరు పట్టే దాకా

హజరత్తయ్య కొత్తింటి ముందర వరి నాటబోతున్నాడని ఊళ్ళో పుకారు పుట్టిందంటే ఆ తప్పు ఊరిది కాదు. తెల్లారేసరికి కాంపౌండు గోడ లోపల నీళ్ళు నిలబడి ఉన్నాయి. గోడ వెంబడి చుట్టూ మడిగట్టు మాదిరి గెనెం వేసి ఉంది. ఆయన లుంగీ ఎగగట్టి, పిక్కల దాకా బురదలో దిగి, తాడు కట్టిన పలకను ఎద్దులాగా ఈడుస్తున్నాడు. పలక తేలిపోకుండా దాని మీద ఇసుక మూట. కోట టౌను నుంచి సముద్రం వైపు పోయే ఆటోలు గేటు ముందు ఆగి, తలకాయలు బయట పెట్టి చూసి, పోతున్నాయి.

వేసేది లాను. రొయ్యల మేత కంపెనీ వాళ్ళు రైతుల్ని పిలిచి మీటింగు పెట్టిన చోట, ఆ బంగళా ముందర పరిచిన పచ్చగడ్డి చూసి వచ్చాడాయన. ఆ రోజు నుంచి అన్నం తింటున్నా అదే మాట, పడుకున్నా అదే మాట. "కాలు పెడితే దూది మే రాఘవమ్మా, దూది." వినగా వినగా ఆయన భార్య రాఘవమ్మకూ ఆశ పుట్టింది. పచ్చదనం ఆమెకు కొత్త కాదు. కానీ పుట్టిన దగ్గర్నుంచి ఆమె చూసిన పచ్చదనమంతా నడుం వంచి చూసిందే. కుర్చీలో కూర్చుని చూసే పచ్చదనం ఒకటి ఉందంటే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

నోరు వచ్చింది ఆమె అత్త ఆదిశేషమ్మకు.

"జన్మంతా గరిక పీకి పీకి నా గోళ్ళు అరిగినాయి," అందామె, హాలు గుమ్మంలో వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి. "నా కడుపున పుట్టినోడు దాన్ని వ్యానులో తెప్పిస్తా ఉండాడు. ఈ విడ్డూరం యాడన్నా ఉందా?"

"ఇది గరిక కాదుమా. వేరే రకం."

"ఏ రకమైతే ఏందిరా, గొడ్డు మేసేదే గదా."

అంటూనే అజమాయిషీ మాత్రం మానలేదు. "ఆ మూల మెరకుండాది. నన్ను చూస్తావేంది, నీళ్ళు చూడు. అవి అబద్ధం చెప్పవు." హజరత్తయ్య వెళ్ళి చూస్తే నిజంగానే మెరక. గొణుక్కుంటూ మళ్ళీ తాడు భుజానేసుకున్నాడు.

అంతకు ముందు పనంతా పద్ధతిగానే జరిగింది. ఇల్లు కట్టినప్పుడు పడిన కంకర, సిమెంటు పెళ్ళలు ఏరి పారేశారు. అడుగున అంతా ఇసకే, సముద్రపు నేల. దాని మీద చెరువు మట్టి తోలించి, మాగిన పేడ ఎరువు కలిపారు. తుంగగడ్డలు ఆదిశేషమ్మే పీట వేసుకుని కూర్చుని, తిట్టుకుంటూ, ఒక్కటి మిగలకుండా ఏరింది. అక్కడి దాకా ఎవరికీ వంక పెట్టే పని లేదు. నేల తడిపి చదును చేసి ఉంచమని నర్సరీ వాళ్ళు ఫోన్లో చెప్పారు. అదొక్కటీ చెడింది. తడిపి చదును చేయడమంటే వరి రైతుకు తెలిసిన దారి ఒకటే, నీళ్ళు పెట్టి దమ్ము చేయడం.

సూళ్లూరుపేట అవతలి నర్సరీ నుంచి గడ్డి బిళ్ళలు తెచ్చిన వ్యాను డ్రైవరు గేటు దగ్గర దిగి, లోపలికి చూసి, నెత్తి గీరుకున్నాడు.

"ఏందన్నా ఇది? గడ్డి పరచమంటే వరి కయ్య చేసి పెట్టినారు?"

"చదునుగా లేదా?"

"చదునుకేం, అద్దమే. నేల గట్టిగా ఉండాలన్నా. ఇప్పుడు దీని మీద కుక్క పరిగెత్తినా బిళ్ళలు చీలి లోపలికి దిగిపోతాయి."

హజరత్తయ్య మొహం చూసి డ్రైవరుకే జాలేసింది. "సరేలే, అయిందేదో అయింది. గండి కొట్టి నీళ్ళు తీసేయండి, పరచండి. పరిచినాక పది పదిహేను దినాలు ఒక్క కాలు పడగూడదు. నాటుకుందో లేదో చూడాలంటే బిళ్ళ మూల పట్టి పైకి లాగండి. లేచి వచ్చిందా, ఇంకా వేరు పట్టలేదని. రాలేదా, ఇంక మీ ఇష్టం, బంతాట ఆడుకోండి."

"మరి గేటు నుంచి ఇంట్లోకి నడిచేది?"

"వేరు పట్టినాక మధ్యలో నడిచే రాళ్ళు పెట్టుకుందురు. అప్పటి దాకా పెరటి గేటు." కృష్ణపట్నం దగ్గర ఇంకో ఇంటికి దించాలని, బిళ్ళలు గోడ బయట దింపేసి వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నాటే పనే గదా అని రెబెక్కమ్మ గుంపును పిలిచారు. ఎడగారు పంట నాట్లు ఇంకా మొదలు కాలేదు కాబట్టి వాళ్ళూ ఖాళీగానే ఉన్నారు. రెబెక్కమ్మ చేయి పడితే వరసలు తాడు పట్టినట్టు వస్తాయని చుట్టుపక్కల పేరు. రాఘవమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడు, ఆమె నాటిన వంకర వరసల్ని అత్త చూడకముందే పక్క నుంచి పీకి మళ్ళీ నాటి పెట్టింది రెబెక్కమ్మే. ఆ సంగతి ఆదిశేషమ్మకు ఈనాటికీ తెలియదు.

రెబెక్కమ్మ ఒక బిళ్ళను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పైన దట్టంగా గడ్డి, అడుగున వేళ్ళతో పాటు పలచటి మట్టి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"బాగానే ఉండాది పెద్దమ్మా. ఒక గొర్రెను తోలితే పూట గడుస్తాది."

"ఆ గొర్రె నా కొడుకే," అంది ఆదిశేషమ్మ కుర్చీలోంచి. "ఈశాన్యంలో మొదలుపెట్టండి మే. ఏ నాటైనా ఈశాన్యమే ముందు."

"తెలుసులే పెద్దమ్మా. నిన్నా మొన్నా నాటతా ఉండామా మనం?"

నారుకట్టలు ముందే కయ్యలోకి చేర్చుకున్నట్టు బిళ్ళలన్నీ ముందు ఇంటి దగ్గరికి చేర్చుకున్నారు. బురదలో మోసుకొచ్చి మెట్టు కింద నిలబడి రెబెక్కమ్మ అందిస్తే, వసారాలో నిలబడి రాఘవమ్మ అందుకుని పేర్చింది. రెబెక్కమ్మే పైకెక్కి పేర్చితే పని తొందరగా అయ్యేది. ఆ మాట ఇద్దరూ అనలేదు.

రాఘవమ్మకు ఇది ఇవాళ్టి ముల్లు కాదు. ఇల్లు కట్టే రోజుల్లో రెబెక్కమ్మ ఇందులో తిరగని గది లేదు. ఇటుకలు మోసింది. గోడలకు నీళ్ళు కొట్టింది. మధ్యాహ్నం ఎండకు ఇప్పటి పడగ్గదిలో కొంగు పరుచుకుని నడుం వాల్చింది. పాలు పొంగించిన రోజు నుంచి మాత్రం మెట్టు దగ్గర ఆగిపోయింది. ఎవరూ ఆగమనలేదు, అనాల్సిన పనీ లేదు. చర్చి వీధి వాళ్ళు ఈ వీధి ఇళ్ళ మెట్లెక్కరు. అది అందరికీ పుట్టుకతో తెలిసిన సంగతి. గృహప్రవేశానికి ఆ గుంపునంతా పిలిచారు, వీధిలో షామియానా కింద కడుపు నిండా పెట్టారు. కాగితం ప్లేట్లు, కాగితం గ్లాసులు వచ్చినాక ఎవరికి ఎందులో పెట్టాలనే తంటా లేకుండా, అంతా మర్యాదగా జరిగిపోతోంది. ఆ రోజు రెబెక్కమ్మ చేయి కడుక్కుంటూ కిటికీలోంచి లోపలికి ఒక్కసారి తొంగి చూడటం రాఘవమ్మ కంట పడింది. ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, నువ్వు కట్టిన ఇల్లు ఎట్లుందో చూడమే అనాలని రాఘవమ్మ కోరిక. గుమ్మంలో అత్త కుర్చీ ఉంది. ఆ కుర్చీని పక్కకు జరిపించే మాట ఆమెకు ఇంకా దొరకలేదు.

ఈశాన్యంలో గేటు పక్కన పసుపు చల్లి రెబెక్కమ్మ మొదటి బిళ్ళ వేసింది. గుంపంతా వరసగా వంగి, గేటు వైపు మొహాలు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ పరుచుకుంటూ వచ్చారు. రాఘవమ్మ వసారా మీద నుంచి అందిస్తోంది. బిళ్ళకు బిళ్ళ ఆనించి, సందులో పిడికెడు మట్టి కూరి, అరచేత్తో చప్పున తట్టడం. వెనక్కి తీసిన పాదం చోట గుంట పడితే చేత్తో పూడ్చి దాని మీద ఇంకో బిళ్ళ. రెబెక్కమ్మ కోడలు ఫేబీ మిగతా రోజుల్లో రొయ్యల ఫ్యాక్టరీలో తలలు గిల్లే పనికి పోతుంది. ఆ పిల్ల చేతులు యంత్రం మాదిరి ఆడుతున్నాయి, నోరు అంతకంటే తొందరగా.

"అత్తా, ఇది ఎన్నాళ్ళకు కోతకొస్తాది?"

"వారానికోసారి కోయాలంట."

"మరి గింజలు?"

"గింజా లేదు గిట్టా లేదు. చూసుకోవడమే."

"అయితే మా ఆయన మాదిరే," అంది ఫేబీ. గుంపంతా బిళ్ళల మీద వాలిపోయి నవ్వారు. ఆదిశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆమె భుజాలు ఊగడం రాఘవమ్మ చూసింది.

పొద్దు వాలుతుండగా చివరి బిళ్ళను మెట్టుకు ఆనించి, తట్టి, రెబెక్కమ్మ నడుం ఎత్తింది. అందరూ ఎత్తారు. ఎదురుగా గేటు దాకా ఒకటే పచ్చ. అతుకు కనిపించడం లేదు. రాఘవమ్మకు కళ్ళు చెమర్చాయి. అంతలో ఫేబీ కిసుక్కుమంది.

"ఏందే?"

"అత్తా, మనం యాడ నిలబడుండామో చూడు."

కయ్యలో అయితే వెనక్కి నడిచి నడిచి గెనెం ఎక్కుతారు, గెనెం మీద నుంచి ఇంటికి పోతారు. ఇక్కడ వెనక్కి నడిచి నడిచి మెట్టెక్కారు. వెనక ఇల్లు. ముందు అప్పుడే నాటిన గడ్డి. గడ్డి అవతల గేటు, గేటు బయట వాళ్ళ చెప్పులు. దక్షిణం సందు వాస్తు కోసం మోటారు గది కట్టి మూసేశారు. ఉత్తరం సందులో కూడా గడ్డే, హజరత్తయ్య ముచ్చట అది. ఈశాన్యం ఆచారం తప్పకుండా పాటించినందుకు గుంపు గుంపంతా మెట్టు మీద, బుట్ట కింద కోడిపిల్లల మాదిరి, ఒకరి మీద ఒకరు ఒరిగి నిలబడి ఉన్నారు.

రొయ్యల గుంటల దగ్గర మేత చల్లించి అప్పుడే వచ్చిన హజరత్తయ్య గేటు బయటే నిలబడిపోయాడు.

"కదలొద్దు, కదలొద్దు," అన్నాడు అక్కడి నుంచే, రెండు చేతులూ చాపి.

"కదలకుండా ఎన్నాళ్ళుండేదన్నా?" అంది ఫేబీ. "వేరు పట్టే దాకా మాకు కూడా నీళ్ళు పట్టి పెంచుతారా?"

"పలకేద్దామంటే పలక కూడా దిగబడతాది," అని ఆయన తనలో తాను అనుకున్నాడు.

"గమ్మునుండు మే ఫేబీ," అంది రెబెక్కమ్మ. "అన్నా, నువ్వేం దిగులు పడబాక. గోడ వారగా మునివేళ్ళ మీద పోతాం. చెడినవి రేపొచ్చి సర్దుకుందాం." చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒక కాలు ముందుకు చాపింది.

"ఆగు రెబెక్కా," అంది రాఘవమ్మ. "ఇంట్లోంచి పోదాం రా."

ఇన్నాళ్ళూ దొరకని మాట అంత సులువుగా నోట్లోంచి జారి పడేసరికి ఆమెకే భయమేసింది. మెట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. హజరత్తయ్యకు గేటు గడియ ఉన్నట్టుండి పాడైపోయినట్టుంది, వంగి దాన్నే చూస్తున్నాడు. అందరి చూపూ గుమ్మంలో కుర్చీ మీదికి పోయి, వెంటనే ఎవరి కాళ్ళ మీదికి వాళ్ళకు దిగింది.

"వద్దులేమ్మా," అంది రెబెక్కమ్మ మెల్లగా. "కాళ్ళన్నీ బురద."

"వసారాలో కుళాయి ఉండాది గదా."

ఆదిశేషమ్మ గడ్డిని చూసింది. గాల్లో నిలిచిన రెబెక్కమ్మ పాదాన్ని చూసింది. ఆమె మొహం గంటు పెట్టుకుంది.

"నాటిన కయ్యలో నాటినోళ్ళే కాలు పెడతారా యాడన్నా?" అంది. "తీయి మే కాలు."

రెబెక్కమ్మ కాలు వెనక్కి తీసుకుంది. ఆదిశేషమ్మ లేచి, కుర్చీని తానే ఈడ్చుకుంటూ వసారా కొసకు పోయి, వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. రమ్మనలేదు. గుమ్మం మాత్రం ఖాళీగా ఉంది.

ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కున్నారు. దారి చూపిద్దామని రాఘవమ్మ ముందు నడవబోయింది గానీ ఆ అవసరం లేకపోయింది. రెబెక్కమ్మ తలుపు పట్టుకోకుండానే గడప దాటి, హాల్లో కుడి పక్కకు తిరిగి, వంటింటి వైపు తిన్నగా నడిచింది. ఏ గది ఎక్కడో ఆమె కాళ్ళకు తెలుసు. వంటింటి ముందు మాత్రం ఆగి, రంగు వేసిన గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఒక్క పగులు రాలేదు చూడే," అంది ఫేబీతో. "నీళ్ళు పట్టింది ఎవరనుకున్నావు?"

రాఘవమ్మ వాళ్ళ వెనకే పెరట్లోకి నడిచింది. ఏదో ఒకటి అనాలి, ఇక్కడితో అయిపోకూడదు. పెరటి గేటు దగ్గర రెబెక్కమ్మ చెయ్యి పట్టుకుంది.

"రోజూ వచ్చి గడ్డికి నీళ్ళు పట్టాలి నువ్వు. నాకు భుజం లేవడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే."

రెబెక్కమ్మ ఆమె భుజాన్ని, మొహాన్ని మార్చి మార్చి చూసింది. "వస్తాలే," అంది.

రాఘవమ్మ తేలిగ్గా లోపలికి వచ్చింది. ఆదిశేషమ్మ అటు తిరిగే ఉంది.

"హాలు తుడువు," అంది.

బురద లేదు. నేల మీద ఉన్నవి నీటి అడుగులు, అవి కూడా సగం ఆరిపోయాయి. "ఏముందత్తా తుడవడానికి?" అనాల్సింది. అనలేదు. ఎన్నో ఏళ్ళుగా అనకపోవడమే అలవాటు. బకెట్టులో నీళ్ళు తెచ్చి, హాలు నుంచి వంటింటి గుమ్మం దాకా ఆ అడుగుల వెంటే తుడుచుకుంటూ పోయింది. పెరటి తలుపు దగ్గర తలెత్తేసరికి ఫేబీ నిలబడి ఉంది.

"క్యారేజీ మర్చిపోయినా వసారాలో," అంది ఫేబీ.

రాఘవమ్మ తడిగుడ్డ అక్కడే వదిలి, క్యారేజీ తెచ్చి ఇచ్చింది. ఫేబీ తడిగుడ్డ వైపు చూసి, పుచ్చుకుంది. అంత నోరున్న పిల్ల ఏమీ అనకుండా వెళ్ళిపోవడంతో రాఘవమ్మకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున రెబెక్కమ్మ రాదనే అనుకుంది. ఎండ మెట్టు మీదికి వచ్చింది, గడ్డి కొసలు వాడు మొహం పెట్టాయి. ఇక తానే పట్టాలని పైపు చేతికి తీసుకునేసరికి పెరట్లో కుళాయి చప్పుడైంది. రెబెక్కమ్మ రాయి మీద మడమలు తోముకుంటోంది, బట్టలు ఉతికినంత శ్రద్ధగా.

"కాళ్ళు కడుక్కునే వస్తా ఉండానులే," అంది తలెత్తి నవ్వుతూ.

ఫేబీ చెప్పిందన్నమాట. రాఘవమ్మ ఆ కళ్ళల్లోకి చూడలేకపోయింది. "రెబెక్కా, నిన్న..." అని మొదలుపెట్టింది.

"ముందు నీళ్ళు పట్టనీ మే. గడ్డి ఏం పాపం చేసింది?"

గుమ్మంలో కుర్చీ మళ్ళీ వచ్చి కూర్చుంది. రెబెక్కమ్మ వస్తుంటే ఆదిశేషమ్మ కాళ్ళు లోపలికి ముడుచుకుని దారి ఇచ్చింది. ఆ తర్వాత రోజూ ఇంతే. రెబెక్కమ్మ వసారా మెట్టు మీద నిలబడి, పైపు మూతి బొటనవేలితో నొక్కి, వాన జల్లులాగా నీళ్ళు కొట్టేది. ఆదిశేషమ్మ వెనక నుంచి తప్పులు పట్టేది. ఆ మూలకు అందలేదు, ఈ మూల మడుగైంది. రెబెక్కమ్మ జవాబు చెప్పేది. మాటలు గడ్డి మీద మొదలై ఎప్పటివో నాట్ల మీదికి, వరద వచ్చిన ఏటి మీదికి, చచ్చిపోయిన వాళ్ళ మీదికి పోయేవి. ఆమె వెళ్ళిపోయినాక "హాలు తుడువు" అనే మాట వచ్చేది. రాఘవమ్మ తుడిచేది. కానీ ఆ మాట రోజురోజుకూ కాస్త ఆలస్యంగా రావడం ఆమె గమనించకపోలేదు.

ఆదివారం రెబెక్కమ్మ పొద్దున రాలేదు. చర్చి అయినాకే వస్తానని ముందే చెప్పింది. ఆ సంగతి ఆదిశేషమ్మకూ తెలుసు.

"ఇంకా రాలేదేంది?" అంది కాఫీ తాగుతూ.

"చర్చి అత్తా."

"ఎండెక్కుతా ఉంటే గడ్డి మాడిపోతాది గదా." కాసేపటికి మళ్ళీ, "ఆ పాస్టరు ఇంకా వదల్లేదా? ఏం చెప్తాడు అంత సేపు?"

"నేను పడతాలే నీళ్ళు."

"నీకు భుజం నొప్పి గదా," అంది ఆదిశేషమ్మ కోడలి వైపు ఓరగా చూసి. రాఘవమ్మ గతుక్కుమని వంటింట్లోకి పోయింది.

రెబెక్కమ్మ తెల్లచీరలో, తలలో పూలు లేకుండా, బైబిలు సంచీ చంకలో పెట్టుకుని వచ్చింది. పైపు తీసుకోబోతుంటే ఆదిశేషమ్మ అడ్డం పడింది.

"చీర తడుస్తాది. పెట్టు కింద."

"తడిస్తే ఆరతాది పెద్దమ్మా."

"పెట్టమన్నానా? దాని భుజం బాగైపోయింది. అది పడతాది. నువ్వు కూర్చో."

ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. రెబెక్కమ్మ అటూ ఇటూ చూసింది. కుర్చీ గుమ్మంలో ఉంది, దాని పక్కన చోటంటే గడప లోపలే. ఆమె అక్కడే గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రాఘవమ్మ నీళ్ళు పడుతూ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏదైనా చెదిరిపోతుందేమోనని భయం.

"ఏం చెప్పినాడు మే మీ పాస్టరు?"

"విత్తనాల కథ పెద్దమ్మా. కొన్ని రాతి మీద పడినాయంట, కొన్ని ముళ్ళలో పడినాయంట."

"దమ్ము చేయకుండా చల్లింటారు," అంది ఆదిశేషమ్మ తేల్చేసి.

ఆ రోజు రెబెక్కమ్మ వెళ్ళినాక రాఘవమ్మ బకెట్టు పట్టుకుని హాల్లో నిలబడింది. ఆదిశేషమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందో లేదో తెలియదు. మాట మాత్రం రాలేదు. రాఘవమ్మ బకెట్టు తీసుకుపోయి పెరట్లో బోర్లించింది.

గడ్డి మంచి రంగు తిరిగింది. బిళ్ళల మధ్య అతుకులు మూసుకుపోయి, వాటి మీదుగా సన్నటి తీగలు పాకాయి. ఒక సాయంత్రం హజరత్తయ్య బండి వెనక నల్లటి పలక రాళ్ళు వేయించుకుని వచ్చి గేటు బయట దింపించాడు. పెరటి గుండా చుట్టు తిరిగి వచ్చి, వసారాలో నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని తన లానును చూసుకున్నాడు.

"రేపు రాళ్ళు పెట్టేసి ముందు గేటు తీస్తా. ఇంకెవరూ ఇంట్లోంచి తిరగాల్సిన పని లేదు."

ఆయన మాటలో ఏ దురుద్దేశమూ లేదు. సంతోషంగా అన్నాడంతే. రాఘవమ్మ మాత్రం గేటు వైపు చూసింది. రేపు గేటు తెరుస్తారు. రెబెక్కమ్మ గేటులోంచి వస్తుంది, గడ్డి దాటుతుంది, మెట్టు దగ్గర ఆగుతుంది. ఇంక ఎప్పటికీ అక్కడే ఆగుతుంది.

రెబెక్కమ్మ పైపు చుట్ట చుడుతోంది. "అయితే నాకు పని లేనట్టే," అంది నవ్వుతూ. నవ్వు సరిగా కుదరలేదు. పైపును కుళాయికి తగిలించి, చుట్ట విప్పి, మళ్ళీ చుట్టింది.

ఆదిశేషమ్మ కుర్చీలోంచి లేచింది. పట్టుకోబోయిన కొడుకు చెయ్యి విదిలించుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుంది. ముందుకు వంగి, బిళ్ళ మూల ఒకటి వేళ్ళ మధ్య ఇరికించుకుని లాగింది. జన్మంతా గరిక పీకిన చెయ్యి అది. అట్లాగే కాసేపు పట్టుకుని ఉంది.

"ఇంకా నాటుకోలేదు," అంది.

"అదేందిమా, పొద్దున నేను లాగి చూస్తే..."

"నీకేం తెలుసురా, రొయ్యలోడివి. ఏం మే రెబెక్కా, నువ్వు చూడు."

రెబెక్కమ్మ వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చుంది. పక్క బిళ్ళ మూల పట్టి లాగింది. తలెత్తి ఆదిశేషమ్మ మొహంలోకి చూసింది. ఆదిశేషమ్మ కూడా చూపు తిప్పుకోలేదు. ఇద్దరూ అట్లా చూసుకోవడం రాఘవమ్మ ఎప్పుడూ చూడలేదు.

"అవును పెద్దమ్మా," అంది రెబెక్కమ్మ. "వదులుగానే ఉండాది. ఇంకా చానా దినాలు పట్టేటట్టుండాది."

"పట్టనీ. మనకేం తొందర?" అంది ఆదిశేషమ్మ. "ఒరే, ఆ రాళ్ళ మీద గోతాం కప్పి పెట్టు. రెబెక్కా, నువ్వు రోజూ వచ్చినట్టే ఇంట్లోంచి వచ్చి నీళ్ళు పట్టు. నాటిన కయ్య తొక్కగూడదు."

లేవడానికి ఆమెకు మోకాళ్ళు సహకరించలేదు. గోడ దూరంగా ఉంది. పక్కనున్న రెబెక్కమ్మ భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి లేచింది. మెట్టెక్కి, గడప దాటే దాకా ఆ చెయ్యి తీయలేదు. హజరత్తయ్య తలకాయ అడ్డంగా ఊపుకుంటూ, గోతాం కోసం పెరట్లోకి పోయాడు.

వసారాలో ఎవరూ లేకుండా చూసి రాఘవమ్మ మెట్లు దిగింది. కూర్చుని, అత్త లాగిన మూల పట్టి లాగింది. రాలేదు. రెబెక్కమ్మ లాగిన మూల పట్టి లాగింది. అదీ రాలేదు. కొంగు నడుంకి బిగించి, రెండు చేతులతో, పంటి బిగువున లాగింది. గడ్డి పరకలు పటపట తెగి చేతిలోకి వచ్చాయి గానీ బిళ్ళ వెంట్రుక మందం కదల్లేదు.

"ఏం మే రాఘవమ్మా," లోపలి నుంచి అత్త కేక, "ఆడ ఏం చేస్తా ఉండావు? వచ్చి టీ పెట్టు, ముగ్గురికీ."

"వస్తా ఉండానత్తా," అంది రాఘవమ్మ. తెగిన పరకలు ఎవరి కంటా పడకుండా గోడ అవతలికి విసిరేసి, చేతులు దులుపుకుని లోపలికి నడిచింది.